చిటుక్కుమంటే చలి.. జుమ్ముమంటే ముప్పు

డిసెంబరు రెండో వారంలో మా వియ్యంకుడు కాకినాడ నుంచి ఆదిలాబాద్ వచ్చారు, మనవడి అన్నప్రాశనకి. మా చలి ఆయనకు కొత్త. రాత్రి పడుకునేటప్పుడు మెత్తటి మింక్ బ్లాంకెట్ ఒకటి ఇచ్చాం. తెల్లవారుజామున లేచి, బ్లాంకెట్ పక్కకు తోసి, శాలువా కోసం స్టీలు బీరువా హ్యాండిల్ మీద చేయి వేశారు. చిటుక్కుమంది. చీకట్లో వేలి కొన దగ్గర నీలి రవ్వ కనబడింది. అలికిడికి నేను లేచి వచ్చేసరికి ఆయన మెయిన్ స్విచ్ ఆపేసి, టార్చి పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు.

"బావగారూ, ఇల్లంతా కరెంటు పాకుతోందండీ. పసివాడున్న ఇల్లు" అన్నారు. ఆ గొంతులో భయం నిజమైనది.

నేను మెయిన్ వేయలేదు. అది ఆపి ఉండగానే ఆయన మంచం మీద కూర్చుని, బ్లాంకెట్ కప్పుకుని, తోసేసి లేచి వెళ్లి అదే బీరువా ముట్టుకున్నాను. మళ్లీ చిటుక్కుమంది. "చూశారా, ఇంట్లో కరెంటే లేదు. ఇది మన ఒంటి మీద పోగైనది, వైర్ల నుంచి వచ్చింది కాదు" అని చెప్పాను. ముప్ఫై ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పినవాణ్ని. ఇలా కళ్లెదుట చూపిస్తే తప్ప ఎవరికీ నమ్మకం కుదరదని నాకు తెలుసు. ఆయన కుదుటపడ్డారు.

ఆ కథ పొద్దున్నే వీధంతా పాకింది. పిల్లలు చేరారు. స్వెటర్ విప్పితే చిటపటలాడడం, దువ్వెన పెడితే జుట్టు లేచి నిలబడడం, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి గేటు ముట్టుకుంటే చురుక్కుమనడం, అన్నీ ఒకటేనని వాళ్లకు విడమరిచి చెప్పాను. "ఇది చలికాలం షాక్. ఏం కాదు. భయపడకండి" అన్నాను.

పది రోజులు గడిచాయి. మా వెనకింటి ఆమె ఏదో పని మీద వచ్చి, మాటల్లో మాటగా, బాత్రూములో నల్లా ముట్టుకుంటే షాక్ కొడుతోందని చెప్పింది. ఎన్నాళ్లుగా అని అడిగాను. "వారం పైనే అయితుంది సార్. చలికాలం షాకే గద. మీరే చెప్పిన్రు గద, ఏం కాదని" అంది.

నాకు ఒళ్లు జల్లుమంది. టెస్టర్, టెస్ట్ ల్యాంపు తీసుకుని వెంటనే వాళ్లింటికి వెళ్లాను. గీజర్ స్విచ్ వేసి, టెస్టర్ మొనను నల్లాకు ఆనించాను. నియాన్ దీపం వెలిగింది. వెలిగి ఆరిపోలేదు, నిలకడగా వెలుగుతూనే ఉంది. గీజర్ ప్లగ్గు తీసి, సాకెట్లో ఫేజుకూ ఎర్త్ రంధ్రానికీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టాను. వెలగలేదు. మెయిన్ ఆపి సాకెట్ విప్పి చూస్తే ఎర్త్ టెర్మినల్ ఖాళీగా ఉంది. దానికి బిగించాల్సిన, లీకైన కరెంటును నేలలోకి దింపే ఆకుపచ్చ తీగను ఎవరో కత్తిరించి, టేపు చుట్టి, బాక్సు వెనక్కి నెట్టేశారు. గీజర్ లోపల బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎలిమెంట్ పైతొడుగు చిట్లింది. అందులోంచి కరెంటు నీళ్లలోకి, నీళ్లలోంచి పాత జీఐ పైపులోకి, అక్కడి నుంచి నల్లాలోకి వస్తోంది.

ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడున్నాడు. రోజూ పొద్దున ఆరింటికి అదే నల్లా కింద స్నానం చేసి బడికి వెళతాడు. వాళ్లను కాపాడింది ఒక్క అలవాటు. ఆమె తల్లి నేర్పిన మాట ప్రకారం, గీజర్ స్విచ్ ఆపకుండా ఎవరినీ స్నానానికి పోనివ్వదు. ఒక్క రోజు మరిచిపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను. 

నేను చెప్పింది అబద్ధం కాదు, సగం పాఠం. ఆ సగం పాఠం పట్టుకునే ఆమె వారం రోజులు ధైర్యంగా ఉంది. ఇలాంటి ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి మిగతా సగం ఇక్కడ చెప్పదలుచుకున్నాను. చలికాలంలో మనకు రెండు రకాల షాకులు తగులుతాయి. ఒకటి నిరపాయం, ఒకటి ప్రాణాంతకం. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం మానేయాలి.

ముందు నిరపాయమైన దాని సంగతి. బడి పుస్తకాల్లో దీన్ని స్థిర విద్యుత్ అంటారు. రెండు వేర్వేరు వస్తువులు ఒకదాన్నొకటి తాకి విడిపోయినప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి పోతాయి. రుద్దితే ఇంకా ఎక్కువ పోతాయి. రుద్దిన సీమగుగ్గిలం గడ్డిపరకను లాగుతుందని మన పూర్వులకూ తెలుసు. సంస్కృతంలో దానికి తృణమణి అని పేరు, గడ్డిని లాగే మణి అని. ఉన్ని, నైలాన్, పాలియెస్టర్, రబ్బరు, ప్లాస్టిక్ ఇలాంటి మార్పిడికి బాగా అనువైనవి. చలికాలంలో మనం ఒంటి నిండా చుట్టుకునేవీ అవే.

వానాకాలంలోనూ ఈ విద్యుదావేశం పోగవుతుంది కానీ నిలవదు. గాలిలో తేమ ఉంటే బట్టల మీదా చర్మం మీదా కంటికి కనిపించని పల్చటి నీటి పొర ఏర్పడుతుంది. పోగైన ఆవేశం దాని మీదుగా మెల్లగా జారిపోతుంది. చలికాలంలో ఆ పొర ఎండిపోతుంది. చల్లటి గాలికి నీటి ఆవిరిని మోసే శక్తి తక్కువ. 0 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 5 గ్రాముల ఆవిరినే పట్టుకోగలదు. 22 డిగ్రీల దగ్గరైతే 19 గ్రాములకు పైగా పడుతుంది. మా ఆదిలాబాదులో పొద్దున మంచు పట్టినా మధ్యాహ్నానికి ఉత్తర గాలికి అన్నీ పొడిబారిపోతాయి, పెదవులు పగులుతాయి. కాకినాడలో ఏడాది పొడుగునా సముద్రపు తేమ. అందుకే మా వియ్యంకుడికి అరవై ఏళ్లు వచ్చినా ఈ చిటుకు ఎదురుకాలేదు.

మా అమ్మాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ జనవరిలో బయట మైనస్ 15 ఉంటే ఇంట్లో హీటరు పెట్టి 22 చేసుకుంటారు. విడిగా తేమ కలపకపోతే ఆ గాలిలో తేమ పది శాతానికి కూడా చేరదు. కార్పెట్ మీద నడిచి తలుపు పిడి పట్టుకున్న ప్రతిసారీ చురుక్కుమంటోందని మొదటి ఏడాది ఫోన్ చేసి వాపోయేది. కారు దిగి తలుపు వేయడానికే భయపడేది.

ఈ చిటుకులో ఉండే వోల్టులు వింటే ఎవరైనా హడలిపోతారు. మన వేలికి తెలిసేసరికే అది సుమారు 3,000 వోల్టులు. మిల్లీమీటరు పొడవు రవ్వ ఎగరాలంటే అంత కావాలి. పొడి గాలిలో కార్పెట్ మీద నడిస్తే పది వేలు దాటడం మామూలే. మన ఇంటి కరెంటు 230 వోల్టులే. మరి పది వేలు చంపకుండా 230 ఎందుకు చంపుతుంది? వోల్టు అంటే ఎత్తు లాంటిది. తాటిచెట్టు పైనుంచి ఉద్ధరిణెడు నీళ్లు నెత్తిన పడితే చల్లగా తగులుతుంది, అంతే. చెరువు కట్ట తెగితే, ఎత్తు మోకాలిలోతే అయినా, మనిషి కొట్టుకుపోతాడు. ఒంటి మీద పది వేల వోల్టులున్నప్పుడు కూడా అక్కడున్న ఆవేశం ఒక మైక్రోకూలుంబు అటూ ఇటూ. క్షణంలో లక్షో వంతు కూడా పట్టకుండా ఖాళీ అయిపోతుంది. 230 వోల్టుల వెనక మాత్రం ట్రాన్స్‌ఫార్మరు ఉంది. మనం పట్టుకున్నంతసేపూ అది ఇస్తూనే ఉంటుంది.

ఈ చిటుకును తగ్గించుకోవడం పెద్ద పని కాదు. మా ఇంట్లో మేం పాటించేవే చెబుతాను. స్నానం తర్వాత చేతులకూ కాళ్లకూ కొబ్బరి నూనె రాయండి. ఎండిపోయిన చర్మం మీదే ఆవేశం బాగా నిలుస్తుంది. ఉన్ని, పాలియెస్టర్ బట్టల కింద నూలు బనియను, నూలు చొక్కా వేసుకోండి. బ్లాంకెట్‌కు నూలు దుప్పటి జోడించి కప్పుకోండి. రాత్రి పడకగదిలో తడి తువ్వాలు ఒకటి ఆరేయండి, తెల్లారేసరికి ఆ తడి అంతా గాలిలోకి చేరి ఉంటుంది. ఇంట్లో రబ్బరు చెప్పులు వదిలి బండల మీద ఉత్త కాళ్లతో నడిస్తే పోగైనది పోగైనట్టు నేలలోకి దిగిపోతుంది. చలికి కాళ్లు ఓర్చుకోలేకపోతే నూలు మేజోళ్లు ఉన్నాయి.

బీరువా ముట్టుకునే ముందు పక్కనున్న సిమెంటు గోడను అరచేత్తో ఒకసారి తాకండి. గోడ నిదానంగా లాక్కుంటుంది కాబట్టి నొప్పి తెలియదు. లేదా తాళంచెవిని చేత్తో గట్టిగా పట్టుకుని దాని కొనను హ్యాండిల్‌కు తాకించండి. రవ్వ ఎగురుతుంది కానీ వేలి కొన మీద కాదు, తాళంచెవి మీద. కారు దిగేటప్పుడు సీటులోంచి లేవకముందే తలుపు ఇనుప అంచును పట్టుకోండి, రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా వదలకండి. మా అమ్మాయికి ఫోన్లో ఇదే చెప్పాను. ఆ ఒక్క పనితో కారు బాధ తీరిందని మరుసటి వారం చెప్పింది.

నిరపాయమైన ఈ చిటుకు కొన్నిచోట్ల నిరపాయం కాదు. ముఖ్యంగా పెట్రోలు దగ్గర. పెట్రోలు ఆవిరి, గాలి సరైన పాళ్లలో కలిస్తే, అంటుకోవడానికి ఒక మిల్లీజౌలులో నాలుగో వంతు శక్తి చాలు. పది వేల వోల్టుల ఒంటి రవ్వలో 5 మిల్లీజౌళ్ల దాకా ఉంటుంది, అంటే ఇరవై రెట్లు. అమెరికాలో చాలాచోట్ల బంకుల్లో పెట్రోలు ఎవరికి వారే పోసుకుంటారు. పైపు ట్యాంకులో పెట్టి, చలికి కార్లోకి వెళ్లి కూర్చుని, మళ్లీ దిగి పైపు పట్టుకోవడం వల్ల మంటలు లేచిన సంఘటనలు అక్కడ నమోదయ్యాయి. మనవాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు. పెట్రోలు పడుతున్నంతసేపూ కార్లోకి తిరిగి ఎక్కకండి. తప్పక ఎక్కితే, పైపు ముట్టుకునే ముందు దూరంగా ఇనుమును తాకండి. ఇక్కడ మనం చేసే తప్పు ప్లాస్టిక్ సీసాలు, డబ్బాల్లో పోయించుకోవడం. ప్లాస్టిక్ మీద చేరిన ఆవేశానికి నేలలోకి దారి ఉండదు. ట్యాంకరు దింపే ముందు ఎర్త్ తీగ తగిలించేది ఎందుకో బంకుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. సీసాలో పోయం అని వాళ్లు అంటే పోట్లాడకండి.

ఇక రెండో షాక్. దీనికి చలికాలంతో చుట్టరికం వేరు. చలికాలంలోనే గీజర్లు ఆన్ అవుతాయి, హీటర్ రాడ్లు అటకల మీంచి దిగుతాయి. ఏడాదంతా మూల పడి ఉన్నవి, వైరు ఎలుక కొరికినవి, పైతొడుగు చిట్లినవి ఒక్కసారిగా నీళ్లలోకి వెళతాయి. అదే నెలల్లో బీరువాలూ గేట్లూ తలుపు పిడులూ చిటుక్కుమంటుంటాయి. మనిషి మనసు రెండింటినీ కలిపేసుకుంటుంది. 'చలికాలం కదా' అనుకుంటుంది. మా వెనకింటి ఆమె అదే అనుకుంది.

తేడా ఎలా తెలుస్తుంది? చలి షాక్ ఒక్కటే దెబ్బ. చిటుక్కుమని, సూది గుచ్చినట్టు, వేలి కొన మీద. చేయి పూర్తిగా తగలకముందే కొడుతుంది, తగిలాక ఏమీ ఉండదు. లీకేజీ షాక్ తగిలినంతసేపూ ఉంటుంది. జుమ్ముమంటుంది, జిలజిలలాడుతుంది, చీమలు పాకినట్టు మోచేతి దాకా వస్తుంది. అయితే తేడా చూడడానికి రెండోసారి ముట్టుకుని చూడమని నేను ఎవరికీ చెప్పను. దానికి బదులు ఒకే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: కరెంటు తీగ లేని, ఏ తీగా తగలని వస్తువు ఒక్కసారి చిటుక్కుమంటే చలికాలం అనుకోండి. కరెంటు తీగ ఉన్న వస్తువు గానీ, నీళ్లు వచ్చే నల్లా గానీ కొడితే, లేదా ఏ వస్తువైనా జుమ్ముమంటే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా దాన్ని ప్రాణం తీసేదిగానే చూడండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు, కూలరు, గ్రైండరు, గీజర్, బకెట్లో రాడ్డు అన్నీ ఈ లెక్కలోవే. ఫ్రిజ్ కొట్టింది ఉత్త చలి షాకే అని తేలితే మంచిదే. ఒకసారి చూపించుకున్నందుకు నష్టం లేదు.

ఇందులో ఇంకో మోసం ఉంది. మనిషి ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియరు పోతే జుమ్ముమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేం. 30 దాటి కాసేపు పోతే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఒకే లీకేజీ ఎండిన చేతికి 1 ఇస్తుంది, తడి ఒంటికి వందకు పైగా ఇవ్వగలదు. ఎండిన చర్మం కరెంటును అడ్డుకుంటుంది, చెప్పులు ఇంకా అడ్డుకుంటాయి. వెనకింటి ఆమె పొడి చేత్తో, కాళ్లకు చెప్పులతో నల్లా తిప్పింది. ఆమెకు తెలిసింది జిల. తడి నేల మీద, తడి ఒంటితో ఉన్న పిల్లవాడికి అదే నల్లా వేరే లెక్క. పొడి చేతికి చిన్నగా తగిలింది కాబట్టి చిన్నదే అనుకోవడం మనం చేసే ఘోరమైన పొరపాటు.

హీటర్ రాడ్డు విషయం విడిగా చెప్పాలి. నీళ్లు కాగాయా లేదా అని స్విచ్ ఆపకుండా బకెట్లో వేలు పెట్టి చూసే అలవాటు ఎన్నో ఇళ్లలో ఉంది. దయచేసి మానండి. స్విచ్ ఆపడం కూడా చాలదు, ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసి, అప్పుడే నీళ్లు ముట్టుకోండి. వైరింగులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే స్విచ్ ఆపినా రాడ్డులో ఫేజు ఉండిపోతుంది. అలాంటి బోర్డులు నేను చాలా చూశాను. పిల్లలు తిరిగే చోట బకెట్ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోకండి.

మా విద్యార్థులకు ఏటా మొదటి వారంలో చెప్పేవాణ్ని: ఫేజు లేకపోతే మిషను తిరగదు, ఇంటాయన అరుస్తాడు. ఎర్త్ లేకపోతే మిషను బాగానే తిరుగుతుంది, ఎవరూ అరవరు. అందుకే ఎర్త్‌ను జనం చివరికి నెడతారు. ఇల్లు కట్టేటప్పుడు పాలరాతికి, ఫాల్స్ సీలింగుకు లక్షలు పెట్టేవాళ్లు నాలుగు బస్తాల బొగ్గు, ఉప్పు, ఒక జీఐ పైపుతో అయ్యే ఎర్త్ గుంత దగ్గర బేరమాడతారు. సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ప్లగ్గు పట్టడం లేదని మూడో పిన్ను విరిచేస్తారు. అద్దె ఇంట్లో ఓనరు చూడడు, అద్దెకున్నవాళ్లు అడగరు.

అందుకని నా మాట ఇది. అద్దెకు ఇల్లు చూసేటప్పుడు నీళ్లు వస్తాయా అని అడిగినట్టే ఎర్త్ ఉందా అని అడగండి. ఓనర్లూ, మీరు చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంత కరెంటు పోయిందో, అంత తిరిగి వచ్చిందా అని అది క్షణక్షణం లెక్క చూస్తుంది. తేడా వస్తే రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోతే పని చేస్తున్నట్టు. మాటిమాటికీ పడిపోతోందని ఎవరైనా దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తానంటే ఒప్పుకోకండి. అది పాడైందని కాదు, మీ ఇంట్లో లీకేజీ ఉందని చెబుతోంది. ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. చిటుకును పోగొట్టేది తేమే, ఎర్త్ పని చేసేదీ ఆ తేమతోనే.

బళ్లలో సైన్సు చెప్పే మిత్రులకు ఒక విన్నపం. స్థిర విద్యుత్ పాఠాన్ని డిసెంబరు, జనవరిలో మళ్లీ ఒకసారి తీయండి. పిల్లల స్వెటర్లే మీ ప్రయోగశాల. కానీ నాలా సగంలో ఆపకండి. 'ఇది ఏం కాదు' అని చెప్పిన నోటితోనే 'ఏం అవుతుందో' కూడా చెప్పి, ఇంటికి వెళ్లి అమ్మానాన్నలకు చెప్పమనండి.

వెనకింట్లో ఆ రోజే గీజర్ తీయించేశాం. సాయంత్రానికి ఎర్త్ తీగ సాకెట్లోకి వచ్చింది, వారంలో ఆర్‌సీసీబీ వచ్చింది. ఆదివారం పిల్లలను మళ్లీ పిలిచి రెండో సగం చెప్పాను. ఆ రాత్రి మా వియ్యంకుడికి ఫోన్ చేశాను. షాక్ ఎందుకు కొట్టిందో ఆయనకు ఆ తెల్లవారుజామున తెలియదు. కానీ చేయాల్సిన పని మాత్రం ముందు చేశారు. ఏమిటో తెలియనప్పుడు మెయిన్ ఆపేశారు, ఆపాకే నన్ను అడిగారు. ఆ వరస మా వీధిలో అందరికీ నేర్పుతున్నానని ఆయనకు చెప్పాను.